చెయ్యంతా అంటే ఐదు

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి వర్డెల్ టిల్‌మన్ చర్చికి పెట్టుకున్న టోపీ తియ్యకుండానే క్లబ్బు వెనక గుమ్మంలోంచి లోపలికొచ్చి, పియానో మీద ఎవరో వదిలేసిన బీరు గ్లాసు తీసి కిటికీలో పెట్టింది. పియానో మీద గ్లాసులు పెట్టొద్దని ఆమె చెప్పడం మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. గ్లాసు కింద చెక్క మీద తెల్లటి వలయం. దాని చుట్టూ అలాంటివే పాతవి, ఎన్నని లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. మూత తెరిచి, నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకి రాని మెట్టు ఒకటి ఉంటే దాన్ని గోటితో లాగి సరిచేసింది. అది మళ్ళీ దిగబడింది.

"మిస్టర్ గేన్స్, ఈ మెట్టు బాగుచేయిస్తానన్నావు."

"అన్నాను," అన్నాడు క్లబ్బు మేనేజరు గేన్స్, కుర్చీలు సర్దుతూ. "ఇప్పటికీ అంటున్నాను."

పిట్స్‌బర్గ్‌లో ఆదివారం బార్లు మూసేస్తారు. హిల్ అనే కొండ మీది నల్లవాళ్ళ పేటలో ఉండే మనుషులకి సభ్యత్వమున్న క్లబ్బులే దిక్కు. చర్చి ముగిసి, భోజనాలయ్యాక నాలుగింటికల్లా ఇస్త్రీ చేసిన బట్టల్లో జంటలు జంటలుగా వస్తారు. చేప సాండ్‌విచ్, ఉడికించిన పంది కాళ్ళు, చిలగడదుంప కూరి కాల్చిన తీపి 'పై'. ఎనిమిదింటికి లేచి ఇళ్ళకి పోతారు, తెల్లారితే ఉక్కు మిల్లు. ఈ నాలుగు గంటల పాటు వాయించే బ్యాండు నలుగురిది. పియానో మీద వర్డెల్, టెనర్ సాక్సఫోన్ మీద ఆమె భర్త రూఫస్, బాస్ మీద విలార్డ్, డ్రమ్ముల మీద ముసలి పాప్ హార్కిన్స్. పద్నాలుగేళ్ళుగా వీళ్ళే.

వర్డెల్‌కి యాభై ఒకటి. పియానో నేర్పింది మేనత్త. పదమూడో ఏట నుంచి మూగ సినిమాల హాల్లో తెర పక్కన కూర్చుని, గుర్రాలు పరిగెత్తితే ఒకలా, తల్లి ఏడిస్తే ఒకలా వాయించింది. తెర మీద బొమ్మలకి మాటలొచ్చాయి, ఆమె కొలువు పోయింది. తరవాత ఒక డాన్సు బ్యాండుతో రెండేళ్ళు బస్సులో ఊళ్ళు తిరిగింది. ఆ బస్సులో వెనక వరసలో రూఫస్ కూర్చునేవాడు, అతని పక్క సీట్లో అతని సాక్సఫోన్ పెట్టె కూర్చునేది. బస్సు కిక్కిరిసిన ఒకరోజు ఆమె ఆ పెట్టె తీసి కింద పెట్టి కూర్చుంది. ఒహాయో రాష్ట్రం దాటేదాకా అతను మాట్లాడలేదు. మరుసటి ఏడు పెళ్ళి చేసుకున్నారు. ఆ రోజు నిలబడే ప్రయాణం చేసి ఉండాల్సిందని వర్డెల్ ఇప్పటికీ అంటుంది.

పొద్దున చర్చిలో భక్తిగీతాలు, సాయంత్రం క్లబ్బులో డాన్సు పాటలు. వారం మధ్యలో వాడకట్టు పిల్లలకి పాఠాలు, వాళ్ళు సాధన చేయరు. క్లబ్బులో అడిగేవి ఎప్పుడూ అవే నలభై పాటలు. నాటకాల్లోనో సినిమాల్లోనో పుట్టి, పెద్ద బ్యాండ్ల చేతుల్లో పెరిగి, చివరికి ఎవరు రాశారో ఎవరికీ పట్టని పాటలు. ప్రతివాళ్ళకీ వస్తాయి, ప్రతివాళ్ళకీ ఒక్కో శ్రుతిలో వస్తాయి. అక్కడే ఆమె ప్రాణం విసుగెత్తేది. పాడ్డానికి లేచిన ప్రతి ఆడమనిషీ "నా శ్రుతి నీకు తెలుసుగా వర్డెల్" అంటుంది. తెలియకపోతే కోపం. తెలిసి వాయిస్తే, ఆ పూట జలుబు చేసిందని, అర మెట్టు దించమని చూపు.

పాడేవాళ్ళ మాట అలా ఉంచితే, వాయించేవాళ్ళకి మాత్రం ఒక పద్ధతుంది. స్టేజి మీద అరుచుకోవడం ఉండదు. పాట పేరు చెప్పి, చెయ్యి చూపిస్తారు. అర మెట్టు పెంచిన స్వరం షార్పు, దించింది ఫ్లాటు, శ్రుతిని బట్టి వాటి లెక్క మారుతుంది. వేళ్ళు పైకెత్తితే అన్ని షార్పుల శ్రుతి, కిందికి వేలాడదీస్తే అన్ని ఫ్లాట్ల శ్రుతి. ఒక వేలు కిందికంటే ఒక ఫ్లాటు, మూడంటే మూడు. ఊరు కాని ఊళ్ళో, ముఖం ఎరగని మనుషులతో కూడా ఆ చెయ్యి చూసి మొదలుపెట్టెయ్యొచ్చు. రూఫస్ ఎప్పుడూ ఎడమ చేత్తోనే చూపిస్తాడు, సాక్సఫోన్ బరువు కుడిచేతి మీద ఉంటుంది కనుక. పద్నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ఆరింటికి అతను ఎడమ చెయ్యంతా కిందికి వేలాడదీసేవాడు. ఐదు ఫ్లాట్లు. అంటే "వంతెన అవతల దీపాలు".

ఆ పాట అతనిది. అతను రాసింది కాదు గాని, హిల్ మీద ఎవర్నడిగినా అతనిదే అంటారు. పల్లవి రెండుసార్లు అయ్యాక, చరణంలో ఒక స్వరం దగ్గర ఆగి, ఊపిరి ఉన్నంతసేపూ దాన్ని పట్టుకునేవాడు. హాల్లో గ్లాసులు కింద పెట్టేవాళ్ళు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఇంకాస్త దగ్గరగా జరిగేవాళ్ళు, పాత జంటలు ఒకరినొకరు చూసుకోకుండా జాగ్రత్తపడేవాళ్ళు.

ఫిబ్రవరిలో మిల్లులో గొలుసుకీ కొక్కేనికీ మధ్య పడి రూఫస్ ఎడమ చిటికెన వేలు మొదలంటా పోయింది.

ఆ రోజు చేతికి గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చి, "నాలుగు చాలు. మా ఫోర్‌మన్‌కి పదీ ఉన్నాయి, ఏం లాభం," అన్నాడు. వేలి గురించి అతను మాట్లాడింది అదే మొదలు, అదే ఆఖరు. ఆ పైన ఆమె ఎప్పుడు ఆ మాటెత్తినా, "కొలిమిలో బొగ్గు వెయ్యాలి," అంటూ, ఇల్లు వెచ్చబెట్టే కొలిమి ఉన్న నేలకింది గదిలోకి దిగిపోతాడు. ఏప్రిల్ దాటి మే వచ్చింది. ఇంట్లో చెమటలు పడుతున్నాయి. అయినా బొగ్గు వెయ్యడానికి దిగుతూనే ఉన్నాడు.

గాయం మానగానే మళ్ళీ క్లబ్బులో కూర్చున్నాడు. సాక్సఫోన్ మీద ఎడమ చిటికెన వేలి కింద ఉండేవి కొద్ది స్వరాలే, బాగా అడుగున రెండు మూడు, మధ్యలో ఒకటి. ఆ మధ్యలోదే, ఐదు ఫ్లాట్ల శ్రుతిలో ఆ పాట వాయిస్తే చరణంలో అతను పట్టుకునే స్వరం.

మొదటి ఆదివారం అతను "వంతెన అవతల దీపాలు" అని ఒక వేలు చూపించాడు. విలార్డ్ వెర్రిముఖం వేశాడు.

"ఒకటా?"

"ఎండ బాగుందిగా. కాస్త పైకి పోదాం," అన్నాడు రూఫస్.

తరవాతి ఆదివారం రెండు. ఆ తరవాత మూడు. ఒకసారి ఏ వేలూ లేకుండా పిడికిలి చూపించాడు. ప్రతిసారీ ఒక కారణం. గాలిలో తేమ, సాక్సఫోన్ మూతికి వేసిన కొత్త రీడు, పాత అలవాటు మంచిది కాదనడం. పద్నాలుగేళ్ళు ఒకే దారిలో నడిచిన పాటని వారానికో శ్రుతిలోకి ఈడుస్తుంటే వర్డెల్ వేళ్ళు ఎలాగో సర్దుకున్నాయి, విలార్డ్ వేళ్ళకి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. పాటతో గొంతు కలిపే ఆడవాళ్ళు సగంలో మానేశారు, అంత ఎత్తుకి అందుకోలేక.

ఎందుకు మారుస్తున్నాడో వర్డెల్ రెండో వారంలోనే గ్రహించింది. వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తూ, పాటని మనసులోనే ఒక్కో శ్రుతిలోకి మార్చి చూసింది. లేని స్వరం దారిలో తగలని శ్రుతి కోసం వెతుకుతున్నాడు. ఒక ఫ్లాటులో చరణం దాటిపోతాడు గాని పల్లవి మలుపులో అది ఎదురవుతుంది. మూడింటిలో ముగింపుకి అడుగు స్వరం కావాలి, అది కూడా ఆ వేలిదే. ఎక్కడికి పోయినా ఏదో ఒక మూల కాపు కాసుకుని ఉంటుంది. ఆ సంగతి అతనితో చెబుదామంటే బొగ్గు.

ఈలోగా గేన్స్ ఆమెని పక్కకి పిలిచాడు. మూడు ఆదివారాల కిందట.

"రూఫస్ అంటే నాకు ఎంత గౌరవమో నీకు తెలుసు."

"గౌరవం దగ్గర మొదలెట్టావంటే తరవాతది నాకు నచ్చదు. చెప్పు."

"మొన్న ఆ పాటలో గొంతు కలపబోయి మా ఆవిడ ఊపిరాడక కూర్చుండిపోయింది. జనం అడుగుతున్నారు వర్డెల్. ఆ జూనియస్ కుర్రాడు టెనర్ బాగా వాయిస్తాడు. నెలాఖరు నుంచి అతన్ని పెడదామనుకుంటున్నాను. నువ్వు చెబితే బావుంటుంది, భార్యవి."

"మేనేజరువి నువ్వు."

"అందుకే నీతో చెబుతున్నాను," అన్నాడు గేన్స్, చాలా తెలివైన మాట అన్నట్టు.

ఆమె చెప్పలేదు. రాత్రి భోజనం దగ్గర చెప్పబోయింది, అతను కుర్చీ వెనక్కి జరిపాడు. చర్చికి నడుస్తూ చెప్పబోయింది, దారిలో ఎవరో పలకరించారు. అతనికి సాక్సఫోన్ పోతే మిగిలేది మిల్లు ఒక్కటే. ఆ మాట ఎవరి నోట విన్నా భరిస్తాడేమో, ఆమె నోట వింటే ఏమవుతాడో ఆమెకి తెలియదు. అతని మీద కోపం, గేన్స్ మీద కోపం, గౌరవం పేరుతో తన మీద పడేసిన పని మీద కోపం. నెలాఖరు దగ్గరపడుతోంది.

నాలుగింటికి జూనియస్ వచ్చాడు, ఇరవై నాలుగేళ్ళవాడు, నల్ల కళ్ళద్దాలు. వెంట ట్రంపెట్ వాయించే స్నేహితుడు. ఇవాళ వీళ్ళు కూడా కలిసి వాయిస్తారని గేన్స్ చెప్పాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

ఈ కుర్రాళ్ళ వ్యవహారం వర్డెల్‌కి ఇంకో తలనొప్పి. పాత పాటలే తీసుకుంటారు. కింద నడిచే స్వరాల కూర్పు అలాగే ఉంచి, పైన వరస మాత్రం తీసేసి కొత్తది పెడతారు, రెండింతల వేగంతో. దానికో కొత్త పేరు. డాన్సు చేద్దామని లేచినవాళ్ళు కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక కూర్చుంటారు.

"ఇప్పుడు వాయించిందేమిటి?" అని అడిగింది, వాళ్ళు మొదటిది ముగించాక.

"'మూడో అంతస్తు' అండీ మిస్ వర్డెల్. నేనే కట్టాను."

"అది 'వంతెన అవతల దీపాలే' కదా. పాపం దానికి బట్టలు మార్చారు."

"మార్చలేదండీ, విప్పేశాం."

"నేను చర్చి నుంచి వస్తున్నాను జూనియస్. నోరు కాస్త అదుపులో పెట్టుకో."

రూఫస్ నవ్వాడు. ఆ కుర్రాడంటే అతనికి ఇష్టమే, అదింకో చిక్కు.

ఆరయింది. రూఫస్ లేచి ముందుకొచ్చాడు. వారమంతా నేలకింది గదిలో సాక్సఫోన్ ఊదుతూనే ఉన్నాడని ఆమెకి తెలుసు, ఇనప గొట్టాల్లోంచి ఇల్లంతా వినపడింది. ముఖం చూస్తే ఏదో దొరికినవాడిలా ఉన్నాడు.

"వంతెన అవతల దీపాలు," అని, ఎడమ చెయ్యంతా కిందికి వేలాడదీశాడు.

ఆ చేతికి నాలుగు వేళ్ళున్నాయి.

పాప్ హార్కిన్స్ తాళం ఇచ్చాడు. విలార్డ్ ఆ చెయ్యి చూసి, హమ్మయ్య, మళ్ళీ దారిలో పడ్డాడనుకుని ఐదు ఫ్లాట్లలో మొదలుపెట్టాడు. అతనికి ఆ చెయ్యంతా అంటే ఐదే. కుర్రాళ్ళిద్దరూ ఆ చేతికి కొత్త, వేళ్ళు లెక్కపెట్టి నాలుగులో అందుకున్నారు. రూఫస్ అనుకున్నదీ నాలుగే. అతను దాంట్లోనే ఊదాడు. బాస్ ఒక ఊళ్ళో, గాలి వాద్యాలు ఇంకో ఊళ్ళో. డాన్సుకి లేచినవాళ్ళు జంటలు జంటలుగా ఆగిపోయి స్టేజి వైపు తిరిగారు.

వర్డెల్ చేతులు ఇంకా మెట్ల మీద పడలేదు. ఆమె నాలుగులో వాయిస్తే విలార్డ్ రెండు దెబ్బల్లో ఆమె వెంట వచ్చేస్తాడు. హాల్లో ఎవరికీ ఏమీ తెలియదు. అతను వెతికి పట్టుకున్న దారిలో పాట సాఫీగా పోతుంది, వచ్చే ఆదివారం దాంట్లోనూ ఏదో తగులుతుంది, మళ్ళీ వెతుకులాట, మళ్ళీ ఎండ, తేమ, రీడు, బొగ్గు. ఆమె ఎడమ చెయ్యి ఐదులో పడింది. గట్టిగా, చర్చిలో వెనక బెంచీల దాకా వినిపించాలంటే వాయించేటంత గట్టిగా.

రూఫస్ ఊదుతూనే ఆమె వైపు చూశాడు. కళ్ళు ఒక్కసారే పెద్దవయ్యాయి. తరవాత ఆమె వాయిస్తున్న శ్రుతిలోకి వచ్చాడు, కుర్రాళ్ళు అతని వెంట వచ్చారు. డాన్సు మళ్ళీ కదిలింది. పాట ఎప్పటి శ్రుతిలో ఎప్పటి నడకలో పోతుంటే, గేన్స్ భార్య బల్ల దగ్గర్నుంచే గొంతు కలిపింది.

పల్లవి రెండుసార్లు బాగానే గడిచింది. చరణం వచ్చింది. ఆ స్వరం ముందు అతను గుండెల నిండా ఊపిరి తీసుకోవడం ఆమెకి వినపడింది. గ్లాసులు కింద పెట్టారు. అతను దాని పక్క స్వరం పట్టుకున్నాడు, పెదాలతో దాన్ని పైకి వంచబోయాడు. అది వంగలేదు, గొంతు పట్టేసిన మనిషి కేకలా అటూ ఇటూ కాకుండా నిలబడింది.

"ఏం రూఫస్, మిల్లులో మర్చిపోయొచ్చావా?" అంది ముందు బల్ల దగ్గర్నుంచి మిస్ ఇర్మా, వీధి మూలన జుట్టు దువ్వే దుకాణం ఆవిడ.

హాలు నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, పొరపాటు చేసిన సొంత మనిషిని చూసి నవ్వే నవ్వు. రూఫస్ కూడా నవ్వాడు. సాక్సఫోన్ నోట్లోంచి తీసి జూనియస్ వైపు తల ఊపాడు. ఆ కుర్రాడు చరణం అందుకున్నాడు. రెండోసారి ఆ స్వరం దగ్గరికొచ్చినప్పుడు దాన్ని పూర్తిగా, చాలాసేపు పట్టుకున్నాడు. బట్టలూ మార్చలేదు, విప్పనూ లేదు.

ఎనిమిదింటికి ఇద్దరూ కొండదారిలో ఇంటికి నడిచారు. మిల్లు వైపు ఆకాశం ఎర్రగా ఉంది. సగం దారిలో అతనే మొదలుపెట్టాడు.

"నేను నాలుగు చూపించాను."

"చెయ్యంతా చూపించావు."

"నా చెయ్యంటే ఇప్పుడు నాలుగే కదా."

"అది విలార్డ్‌కి ఎలా తెలుస్తుంది? పద్నాలుగేళ్ళుగా ఆ చెయ్యంతా అంటే ఐదు. ముందే చెప్పి చావొచ్చుగా, ఇవాళ్టి నుంచి చెయ్యంతా అంటే నాలుగని."

"విలార్డ్ సంగతి సరే. నీకు తెలుసు."

వర్డెల్ పది అడుగులు వేసింది.

"తెలుసు."

"తెలిసే ఐదు వాయించావు."

"తెలిసే వాయించాను. నీ వెనకాల అన్ని శ్రుతులూ తిరిగి నా నడుం విరిగింది రూఫస్. నీకు వేలు లేదు. నాకు ఆ మాట అనడానికి ఇంట్లో చోటు లేదు. అనబోతే బొగ్గంటావు. మే నెలలో బొగ్గేమిటయ్యా? పక్కింటివాళ్ళు మనకి పిచ్చెక్కిందనుకుంటున్నారు."

అతను పెట్టె కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకోబోయి, మానేశాడు.

"నాలుగులో దొరికింది వర్డెల్. నిజంగా. చరణం, పల్లవి రెండూ."

"ముగింపు?"

"ముగింపు ఎవరు వింటారు," అన్నాడు.

"నేను వింటాను. గేన్స్ నెలాఖరు నుంచి జూనియస్‌ని పెడతానన్నాడు. నీతో చెప్పమన్నాడు, మూడు వారాలైంది. ఇదిగో, చెప్పాను."

అతను ఆగిపోయాడు. ఆమె కూడా ఆగింది. పైనుంచి వచ్చిన ట్రామ్ వాళ్ళ పక్కనుంచి మూలుగుతూ దిగిపోయింది.

"గేన్స్ నాతో చెప్పొచ్చుగా."

"వాడికి నువ్వంటే గౌరవం."

రూఫస్ నవ్వాడో, చీదాడో, చీకట్లో తెలియలేదు. ఇంటికొచ్చి, సాక్సఫోన్ పెట్టె మంచం కిందికి నెట్టి పడుకున్నాడు. సోమవారం మిల్లుకి వెళుతూ దారిలో క్లబ్బు దగ్గర ఆగి, నెలాఖరు దాకా ఎందుకు, వచ్చే ఆదివారమే జూనియస్‌ని కూర్చోబెట్టమని గేన్స్‌తో తనే చెప్పాడట. ఈ సంగతి వర్డెల్‌కి విలార్డ్ చెప్పాడు, రూఫస్ కాదు. సోమవారం రాత్రంతా ఆమె నిద్రపోలేదు. తను ఐదు వాయించింది నిజం చెప్పడానికా, విసుగెత్తా అని ఆలోచించింది. తేలలేదు.

మంగళవారం సాయంత్రం రూఫస్ పొడుగాటి నల్ల సంచీ ఒకటి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. లాడ్జి అని పిలుచుకునే సోదర సంఘం వాళ్ళ ఊరేగింపు బ్యాండు గదిలో మూల పడి ఉన్న ట్రాంబోను.

"దీనికి మెట్లు లేవు," అన్నాడు, వంటగది బల్ల మీద దాన్ని జోడిస్తూ. "కుడిచేత్తో ఈ గొట్టం ముందుకీ వెనక్కీ జరపడమే. ఎడమ చెయ్యి ఊరికే పట్టుకోవాలి. నాలుగు వేళ్ళు చాలు, మూడున్నా సరిపోతుంది."

వర్డెల్ గరిట పొయ్యి పక్కన పెట్టింది.

"నీకు యాభై మూడేళ్ళు."

"క్రిస్మస్‌కి క్లబ్బులో వాయిస్తాను."

"గేన్స్ ట్రాంబోను కావాలన్నాడా?"

"అనలేదు. అనిపిస్తాను."

"రూఫస్, నాకు పాఠాలుంటాయి, సాయంత్రాలు పిల్లలొస్తారు. ఎక్కడ ఊదుతావు దీన్ని? నేలకింద ఊదితే గొట్టాల్లోంచి ఇల్లంతా మోగుతుంది."

అతను ఇల్లంతా కలయజూసి, స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపలి నుంచి వచ్చిన మొదటి చప్పుడుకి పై వాటాలో అద్దెకున్న మిస్టర్ లాటిమర్ మెట్లు దిగొచ్చి, గొట్టాలేమైనా పగిలాయా అని అడిగాడు. లేదని చెప్పి ఆమె అతనికి రెండు ముక్కలు మొక్కజొన్న రొట్టె ఇచ్చి పంపింది. బుధవారం మళ్ళీ వచ్చాడు. గురువారం రాలేదు, ఇంటి యజమానికి ఫోన్ చేశాడు.

ఆదివారం "వంతెన అవతల దీపాలు" జూనియస్ వాయించాడు, ఐదు ఫ్లాట్లలో. గేన్స్ భార్య మొదటినుంచి చివరిదాకా పాడింది. రూఫస్ రాలేదు, సాధన ఉందన్నాడు. వర్డెల్ ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి, టోపీ తీసి, స్నానాల గది తలుపు బయట నిలబడి విన్నది. అప్పటికి అతనికి ఒకే ఒక్క స్వరం పట్టుబడింది, అది కూడా ఉండాల్సిన చోటికి పావు మెట్టు కింద.